గడ్డకట్టిన నెల

జాస్ వార్టన్ మోకాలికి కొత్త కీలు వేశారు.
అందుకని జనవరి వానను కొలిచే పని నా మీద పడింది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి నెలా ఒకటో తారీఖున
తనొక్కడే ఎక్కిన దారిని
ఆస్పత్రి చీటీ వెనక గీసిచ్చాడు:
ఒక గేటు, మూడు కుంటలు, చివర ఒక చుక్క.
చుక్క పక్కన రాశాడు:
రాగి డబ్బా. మూత బిగుసుకుంటుంది. తిట్టు.

ఎనిమిదైనా లోయకింకా మెలకువ రాలేదు.
ఎవరో కారద్దం మీది మంచు గీకుతున్న చప్పుడు,
అంతే.
గేటు గొళ్ళెం నా ఉన్ని తొడుగుని
కాసేపు వదల్లేదు.

పెద్ద కొండలు అవతలున్నాయి,
ఎవరూ పిలవకుండానే ఫొటోకి నిలబడ్డట్టు, తెల్లగా.
ఇవి బోడిగుట్టలు. పేరడిగితే మ్యాపు కూడా నసుగుతుంది.
ముద్దలు చేసి, తడిగుడ్డ కప్పి,
ఎవరో మరిచిపోయిన పిండిలా ఉంటాయి.
ఎక్కుతాం, దిగుతాం,
ఎక్కింది ఎప్పుడో తెలియకుండానే మళ్లీ ఎక్కుతాం.

రాతిగోడ వెంట నడిచాను.
సున్నం లేదు, మట్టి లేదు,
రాయి మీద రాయి. బరువే జిగురు.
నిరుటి గాలివానకి కూలిన గండిలోంచి
తొమ్మిది హెర్డ్‌విక్ గొర్రెలు నన్ను చూశాయి,
వీపున ఎర్ర గుర్తు, నుదుటి ఉన్నిలో మంచు పూసలు.
ఒకటి దగ్గింది, అచ్చం మనిషిలాగే.
"గుడ్ మార్నింగ్" అన్నాను.
చుట్టుపక్కల ఎవరూ లేర్లే.

మొదటి కుంట గట్టిగా గడ్డకట్టింది.
రాయి విసిరితే మునగలేదు,
పాడింది.
బిగించిన తీగని మీటి వదిలినట్టు
కీచుమంటూ, సన్నబడుతూ,
అవతలి ఒడ్డుదాకా జారిపోయింది.
ఇంకో మూడు విసిరాను.
నాకు నలభై ఆరేళ్లు.

తర్వాతంతా బురద. ఎడమ బూటు మోకాలిదాకా దిగింది.
జాస్ గీసిన పటంలో బురద లేదు.
అతనికి అదీ దారే కాబోలు.

రెండో కుంట మీద ఇంకా మీగడే కట్టింది.
నడుమ చాపంత నల్లటి నీళ్లు,
ఆ చాప మీద రెండు బాతులు
గుండ్రంగా, విసుగు లేకుండా తిరుగుతున్నాయి.
ఆగితే ఇల్లు మూసుకుపోతుంది.

డబ్బా దొరికింది, గడ్డిలో మెడదాకా పాతి.
మూత బిగుసుకుంది.
మా నాయనమ్మ గొర్రెల కొట్టంలో మాత్రమే వాడే తిట్టొకటుంది,
దానికి ఊడొచ్చింది.

లోపల నెలంతా ఒకటే ముద్ద.
నాలుగున గోడ కూల్చబోయిన గాలిలోని చినుకులు,
పదకొండున మేరియల్ సమాధి తవ్వుతుంటే పడ్డ తుంపర,
ఏదో రాత్రి ఎవరూ చూడకుండా రాలిన మంచు,
ఏది ఏదో ఇక ఎవరూ విడదీయలేరు.
వేడినీళ్లు కొలిచి పోసి, కరిగాక తీసెయ్యమన్నాడు జాస్.
నేను తెచ్చింది టీ.
పాలు కలపని టీ, అదే నయం.
కొలిచి పోశాను.
జనవరి మెల్లగా గోధుమరంగుకి తిరిగి
పగుళ్లిచ్చి, కదిలింది.

కరిగేదాకా మూడో కుంట పక్కన కూర్చున్నాను.
అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ఎత్తున ఉన్నది,
అదొక్కటే గడ్డకట్టలేదు.
అడుగున ఎక్కడో ఊట ఆడుతోంది,
ఒకచోట ఇసుక ఉడుకుతున్న అన్నంలా కదులుతోంది.
రెండింటికి ఎండ వచ్చింది, నడుం ఎత్తు ఎండ.
నా నీడ కుంట దాటి
ఎదుటి గుట్టెక్కి నాకంటే ముందే
చీకట్లోకి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి తడి సాక్సుతోనే ఫోన్ చేశాను.
ఎంత అని అడగలేదు జాస్.
"మూడోది గడ్డకట్టిందా?"
"లేదు."
అతని వంటింటి గడియారం
నాకు చాలాసేపు వినబడింది.

"సరే," అన్నాడు చివరికి, "ఇప్పుడు చెప్పు."
"నలభై ఒక్క మిల్లీమీటర్లు. టీ తీసేశాక."
"ఏంటి తీసేశాక?"