చల్లగా రాలేదంట

కత్తిరి మొదలైన నాలుగో రోజు.
పొద్దన ఆరింటికే ఫోను.
"అన్నా, చల్లగా రాలేదు."
ఎవురూ పేరు చెప్పరు, వీధి చెప్పరు.
ఆ ఒక్క మాట అనేసి
మిగతాదంతా నేనే కనిపెట్టల్ల అన్నట్టు
ఊపిరి బిగబట్టుకొని ఉంటారు.

స్కూటరు వెనక జ్ఞానశేఖరు,
వాడి భుజానికి నిచ్చెన.
లీలామహలు సర్కిల్లో
మాకు దారి ఇవ్వని బండి లేదు.

కొర్లగుంటలో ఒకాయన
రిమోటు పట్టుకొని అరగంటగా మిషన్ని తిడతా ఉండాడు.
తెర మీద ఫ్యాను బొమ్మ.
మంచుపువ్వు బొమ్మ వచ్చేదాకా మీట నొక్కినా.
అంతే పని.
దానికి డబ్బులడగడానికి నాకు నోరు రాలేదు.
పెట్రోలుకు మాత్రం నోరుండాది.

బైరాగిపట్టెడలో షకీరా ఇల్లు.
కుట్టుమిషనుకు ఎదురుగా గోడ మీద ఏసీ.
జాలీ లాగితే దుమ్ము కాదు,
జాకెట్టు గుడ్డల నూగు:
ఎరుపు, పసుపు, నెమలిమెడ రంగు
పొర మీద పొర, ఒక చంటిబిడ్డకు కప్పేంత.
"మూడు పెండ్లిండ్లకు కుట్టినాను గదన్నా" అనింది.
కొళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టినాం.
నువ్వు ముక్కుకు గుడ్డ కట్టుకుంటావు గదమ్మా,
దాని ముక్కు గూడా
పదైదు రోజులకొకసారి చూడు, అన్నా.

నీళ్ళు కారేది ఇంకో కత.
ఎర్రమిట్టలో ఏసీ కింద బకెట్టు,
బకెట్టు కింద పాత చాప.
పైపు లోపల కందిరీగ మట్టిల్లు కట్టుకొనుండాది,
అడ్వాన్సు లేదు, అద్దె లేదు.
శేఖరు బుగ్గలు ఉబ్బించి ఊదినాడు.
ముందు మట్టి, ఆనక గుక్కెడు నీళ్ళు,
ఆనక ఆ ఇంటి ముసలాయన నవ్వు.

గ్యాసు అయిపోయిందేమో అంటారు అందరూ.
వంటగ్యాసు మాదిరి అయిపోయేది గాదు సామీ అది.
తగ్గిందంటే యాడనో కన్నముండాది.
సబ్బునురగ రాగిగొట్టానికి పూసి
కండ్లార్పకుండా కూర్చోవల్ల,
ఒక్క బుడగ లేచేదాకా.
పెండ్లిచూపుల్లో గూడా నేను
అంత ఓపిగ్గా కూర్చోలేదు.
కన్నం వెతక్కుండా గ్యాసు పట్టి పోయే మేస్త్రీలుండారు.
పేర్లు తెలుసు. చెప్పను.

మధ్యాన్నం రెండు. జీవకోన.
మునస్వామి కొండబస్సు డ్రైవరు.
రాత్రంతా ఘాటురోడ్డు మలుపులు తిప్పి
పగలు పడుకుంటాడు.
"పద్దెనిమిదిలో పెట్టినా చల్లబడదన్నా"
కండ్లు మూసుకొనే చెప్పినాడు.
జాలీ శుభ్రం. గ్యాసు సరి.
కెపాసిటరు పోయిన నెల మేం వేసిందే.
కరెంటు రెండు వందల ఇరవై, చుక్క తగ్గలేదు.
మిద్దె మీద పెట్టె పెనం మాదిరి కాలతా ఉండాది గానీ
తిరగతానే ఉండాది.
నాకు చెమట, చెమటతోపాటు తిక్క.

అప్పుడు చూసినా తలుపు.
జానెడు తెరిచి,
మూసుకోకుండా పొత్రం అడ్డం పెట్టినారు.
అవతల వంటిల్లు. కిటికీ లేదు.
రెండు పొయ్యిలు రెండు పెనాలు.
రెడ్డెమ్మ హాస్టలు పిల్లకాయల క్యారియర్లకు
చపాతీలు ఒత్తతా ఉండాది,
వీపు ఇటువైపు, కొప్పు పైకి ముడేసి.
ఆ జానెడు సందులోంచి పోయే గాలి
నేరుగా ఆమె మెడ మీదికి.

తలుపు మూస్తే
పది నిమిషాల్లో గది వణకతాది.
మా పనిలో మొదటి పాఠం, శేఖరుకు గూడా తెలుసు.
వాడు పొత్రం వైపు వంగినాడు.
నేను వాడి కాలు తొక్కినా.

"ఏమన్నా, ఏం జబ్బు?"
"మిషను మంచిదే. ఎండ అట్లుండాది.
పైన ఫ్యాను గూడా ఒకటిలో పెట్టుకో"
అని రేకులు మంచం వైపు తిప్పినా,
పూర్తిగా కాదు.
రెడ్డెమ్మ ఒక్కసారి వెనక్కి చూసింది.
అప్పడాలకర్ర ఆగలేదు.

పుస్తకంలో రాసుకున్నా:
జీవకోన, మునస్వామి, చల్లగా రాలేదంట.
కారణం అనే గడి ఖాళీగా వదిలేసినా.
శేఖరు చేతిలో కాగితం పొట్లం,
రెండు చపాతీలు, పట్టుకోలేనంత వేడి.
నిచ్చెన ఎత్తుకోబోతే
ఫోను మళ్ళా.