మూడు చొక్కాలు

మే నెల. ఆదోని పత్తి మార్కెట్టులో
నీడకు కూడా చెమట పట్టే పొద్దు.
మా ఉరుకుందన్న మాత్రం
మూడు చొక్కాలేసుకొని
పైన గోనెపట్ట కప్పుకొని
కాటా పక్కన కూచునేవాడు.

హమాలీలు నవ్వేటోళ్లు.
ఒకసారి మా చిన్నాయన బలవంతంగా ఇప్పించినాడు.
ఆ పొద్దు అన్న అరిచిన అరుపు
తోలు ఒలుస్తుంటే అరిచే అరుపు.

తాయెత్తు కట్టించినాం.
మిరపకాయల పొగ పెట్టించినాం.
దగ్గు మాకే వచ్చింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
మమ్మల్ని కాదు, ఆయన్నే అడిగింది:
"ఏంటికి నాయనా, ఇన్ని?"
పదకొండేండ్లలో
మా ఇంట్లో ఎవరికీ రాని ప్రశ్న.

"గోడలోంచి మాటలొస్తాయి మేడమ్.
గుచ్చుకుంటాయి.
ఒక చొక్కాకు ఆగవు."

అవునన్లేదామె. కాదన్లేదు.
"నాకు వినపడవు.
నీకు నొప్పి మాత్రం నిజమే" అనింది.

నెలకో సూది. రాత్రికో మాత్ర.
చేతులు వణికితే మందు మార్చింది.
లావెక్కినాడు. మధ్యాన్నం దాకా నిద్ర.
ఒక ఎండాకాలం మాత్రలన్నీ
పత్తి బోరెంలో దాచినాడు;
గోనెపట్ట మళ్లీ బయటికొచ్చింది.

నేనిప్పుడు "ఏమీ లేవు పో" అనను.
"ఈ పొద్దు గట్టిగా ఉన్నాయా, అన్నా?" అంటా.
ఉన్నాయంటే
చేట ముందేసుకొని
ఇద్దరం చెనిక్కాయలు ఒలుస్తాం.

నిన్న దండెం మీద రెండు చొక్కాలు ఆరుతుండె.
ఒంటి మీద ఒకటే.
దాని పై గుండీ ఊడిపోయిందని
నా చేతిలో పెట్టినాడు.

దారం నాలుగు పోగులేసి
గట్టిగా కుట్టినా.