తయారు చేసినవారు

నతేలా గుత్తిలో పదకొండు తాళంచెవులు.
మ్యూజియంలో తలుపులు తొమ్మిదే.
మిగతా రెండూ ఎక్కడివని అడిగితే
"ఎప్పుడో కాలిపోయిన గదులవి" అనేది,
ఇంకా వాటిలోకి పోయి వస్తున్నట్టే.

నేను చీటీలు టైపు చేసేవాణ్ణి.
వస్తువు. ఊరు. ఏడు. తయారు చేసినవారు.
మొదటి మూడూ ఎలాగో నింపేవాళ్ళం.
నాలుగోదాని పక్కన "తెలియదు" అని కొట్టీ కొట్టీ
నా మిషన్‌లో ఆ అక్షరాలే అరిగిపోయాయి.

తొంభై మూడు చలికాలం, తెలావిలో
కరెంటు లేదు, జీతం లేదు, రొట్టెకి క్యూ.
జనం నేలచెక్కలు పీకి పొయ్యిలో పెట్టుకున్న రోజులు.
కింద గోదాములో నలభై తొట్టిళ్ళు,
వాల్‌నట్ చెక్కవి, ఎండి గలగలమంటూ.
ఆమె తన ఇంటి కుర్చీలు ఒక్కొక్కటే కాల్చుకుంది.
నాలుగోది ఒక్కటే మిగిలిన రోజు
నన్ను టీకి పిలిచి దాని మీద కూర్చోబెట్టి
తను నిలబడి తాగింది.

తర్వాత కాలం మారింది. రాజధాని నుంచి
చెవిపోగుల కుర్రాళ్ళు వైర్లూ కెమెరాలూ మోసుకొచ్చారు.
"పాతవాటి పక్కన వీళ్ళవి పెడతాను" అంది నతేలా.
డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు.
"ఒకే బల్ల దగ్గర తాతా మనవడూ తాగరా?" అంది.

అన్నీ కుదరలేదు, ఉన్నమాట చెప్పాలి.
ఒకడు తివాచీ మీద నియాన్ దీపాలు పరిచాడు,
అంచు మాడింది; మూడు రోజులు ఆమె నోరు విప్పలేదు.
ఇంకొకతె గదినిండా మట్టి పోసి
దానికో తత్వం చెప్పింది. ఊడ్చింది నేను.

తమ్రికో మాత్రం పగిలిన క్వెవ్రి ముందు
రెండు రోజులు ఊరికే కూర్చుంది.
మనిషి దూరేటంత బాన అది,
మెడదాకా భూమిలో పాతి ద్రాక్షసారా పులియబెట్టేది.
మూడో రోజు దాని కడుపులోకి మైకు దించింది.
ప్రారంభం నాడు మంత్రిగారి బూట్ల కిర్రు కూడా
బానలోంచే వినిపించింది.
పేపర్లో తమ్రికో పేరు అరంగుళం అక్షరాల్లో.
చీటీ మీద, ఎప్పటిలాగే, తెలియదు.

నాలుగో రోజు వానకి తలదాచుకోవడానికి
ఒక ముసలావిడ వచ్చింది, చీజ్ అమ్ముకునే పెలో.
తాడు దాటింది. నేను అరిచాను.
ఆమె చెయ్యి బాన అంచు కింద తడుముతోంది,
చీకట్లో ఇంటి గొళ్ళెం వెతికినట్టు.
దొరికింది: ఒక బొటనవేలి నొక్కు, పక్కన సగం నొక్కు.
"మా నాన్నది. ఆ వేలు రంపానికి పోయింది.
తెలియదంటారేం? ఎవరినడిగారు?"

ఆ మాట మైకులో పడింది.
హాలంతా, మెట్లదాకా, బయట వానదాకా
బాన అడిగింది: ఎవరినడిగారు?

నతేలా పరుగెత్తుకు రాలేదు.
మెల్లగా వచ్చి తాడు విప్పి పక్కన పెట్టింది.
"తెలియదు" మీద అడ్డగీత గీసి
పైన రాసింది: జక్రో, పెలో తండ్రి.
కొత్తది టైపు చేస్తానంటే వద్దంది.
"మన తప్పు కూడా వస్తువే. భద్రపరచాలి."

ఆ పైన ఆరేళ్ళు, ఏ కుర్రాడొచ్చినా
ఒకటే అద్దె అడిగేది: ఒక పేరు తెచ్చివ్వు.
బస్సుల్లో, బురదలో ఫోటోలు పట్టుకుని తిరిగారు.
ఒకడు చావుభోజనం దగ్గర రెండు పేర్లు సంపాదించి
తిరిగొచ్చి తన బొమ్మ సంగతే మరిచాడు.
నాలుగువందల పన్నెండు చీటీల్లో నిండినవి ముప్పై ఒకటి.
తక్కువే. ఆమెకీ తెలుసు.

మొన్న శుక్రవారం వీడ్కోలు.
డైరెక్టరు కాగితం చూసి చదువుతూ
ఆమె ఇంటిపేరు తప్పు పలికాడు.
ఆమె దిద్దలేదు. గుత్తి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

హాలు మూసేముందు బాన దగ్గర నిలబడ్డాను.
లోపల నా ఊపిరి, దాని వెనకాల ఇంకేదో,
ఒంటరి కుర్చీ కిర్రుమన్నట్టు.
తాళంచెవులు లెక్కపెట్టాను. పదకొండూ ఉన్నాయి.
తలుపుల్లేని ఆ రెండింటినీ
తీసెయ్యబుద్ధి కాలేదు.