పదిహేడు మెట్లు

మా ఆఫీసు మేడ మీద.
కింద పరమశివం పరుపుల కొట్టు,
పక్కసందులోంచి పైకి పదిహేడు మెట్లు.
తొమ్మిదో మెట్టు అంచు విరిగి పదేళ్ళు.
ఎక్కేవాళ్ళందరికీ తెలుసు, దాన్ని దాటి కాలేస్తారు.
నేనూ అంతే.

పుళియంతోపులో ఈ బోర్డు కట్టిన రోజు
ఏ భాష ముందు రావాలని గొడవ.
పెయింటరు సెల్వం తెలుగు, తమిళం, ఉర్దూ
మూడూ ఒకే లావున రాసి
"అక్కా, ఇక మీరు మీరు చూసుకోండి" అని నిచ్చెన దిగిపోయాడు.
అందరి హక్కుల సంఘం.
'అందరి' అన్న మాట వానకి రెండుసార్లు వెలిసింది,
రెండుసార్లూ దిద్దించాం.

పద్నాలుగేళ్ళు కార్యదర్శిని.
రిప్పన్ బిల్డింగు ముందు ఎండలో నిలబడి అడిగాను:
రేషన్ కొట్టుకి ర్యాంపు, పోలింగు బూతుకి ర్యాంపు,
మ్యాన్‌హోల్లోకి దిగి పైకి రాని ఓబులేసు
పెళ్ళానికి పరిహారం చెక్కు,
గొంతు వినగానే పదకొండు తలుపులు మూసుకున్న మల్లిగకి
పన్నెండో ఇల్లు.
మూడు తరాలుగా ఈ పట్నం చెత్త ఎత్తుతున్నవాళ్ళని
"అసలు మీదే ఊరు?" అనే గుమాస్తా చేత
ఒక ముద్ర.
ఇవి గెలిచినవి.
ఓడినవి ఇనప బీరువాలో ఉన్నాయి.
దాని తలుపు సరిగ్గా పడదు.

తుపాను వెళ్ళిన మర్నాడు సర్వసభ్య సమావేశం.
మళ్ళీ నా పేరే అనుకున్నారు.
దండ కూడా వచ్చేసింది, తడిగుడ్డలో.
అధ్యక్షులు వేదగిరి గారు
'సమ్మిళితం' అన్న మాట మూడోసారి పలుకుతుండగా
కింద నుంచి కేక.

"కోటేశ్వరక్కా! నేను, దైవకృపని.
నాకూ ఓటుంది కదా.
ఎక్కడ వెయ్యమంటావు, ఈ గోడకా?"

ఆరేళ్ళ సభ్యత్వం. రసీదులు నేనే రాశాను.
ప్రతి ఏడూ ఇర్ఫాన్ పుస్తకం పట్టుకెళ్ళి
చక్రాల కుర్చీ దగ్గర సంతకం తెచ్చేవాడు,
పైకి వస్తూ వస్తూ టీ కూడా.
ముత్యాల్లాంటి అక్షరాలు ఆమెవి.
మెచ్చుకునేదాన్ని కూడా.

నలుగురం పట్టి కుర్చీతో సహా తెద్దామన్నారెవరో.
కింద వినపడింది.
"మూటని కాదన్నా.
ఎత్తినవాళ్ళ దయ ఉన్నప్పుడే మళ్ళీ దిగాలి.
ఆ లెక్క నాకు తెలుసు."

ఎన్ని శిక్షణ తరగతుల్లో
నాయకత్వం అని రాసి కింద బొమ్మలు గీశానో.
నిచ్చెన, కొండ, కొండ మీద జెండా.
ఒక్కటైనా కిందికి చూసేది కాదు.

దిగాను. మోకాళ్ళు పట్టేసి, చెయ్యి గోడకి ఆనించి.
తొమ్మిదో మెట్టు దగ్గర లెక్క తప్పి
అంచు మీదే కాలు పడింది.
చెప్పు నాకంటే ముందు వెళ్ళింది.
దైవకృప వంగి తీసి, నీళ్ళు దులిపి
నా వైపు చాపింది. ఏమీ అనలేదు.
అంటే బాగుండేది.

పరమశివం గొణుక్కుంటూ పరుపులు పక్కకి లాగాడు.
ప్లాస్టిక్ కవర్ల మీద సగం మంది, వీధిలో సగం.
ఆటోలు హారన్ కొడుతుంటే ఆగి ఆగి
వేదగిరి గారు ఉపన్యాసం లేకుండానే ముగించారు.
చేతులు రెండుసార్లు లెక్కపెట్టాను.
రెండుసార్లూ నాకే తక్కువ.

దండ పైనే ఉండిపోయింది.
తెస్తానని ఇర్ఫాన్ పరిగెత్తబోతే
"ఉండనీరా" అంది కొత్త కార్యదర్శి,
"ముందు ఆఫీసు దించు."

మూడు వారాలకి కింద గది దొరికింది, ఎదురు వరసలో.
బీరువా దించడానికి ఆరుగురు.
ఎక్కడ ఏమవుతుందో నాకు తెలుసు, చెప్పాను కూడా.
తొమ్మిదో మెట్టు దగ్గర తలుపు ఊడింది.
ఓడిన కాగితాలన్నీ
మెట్టు మెట్టుకీ పరుచుకుంటూ సందులోకి.

చేతికందినవి ఒడిలో పోగుచేసుకుని
ఒక్కొక్కటే చదువుతోంది దైవకృప.
"అక్కా, రెండువేల పదమూడు, ఈ పిల్ల బడి కేసు.
ఎందుకు వదిలేశావు?"

చిట్టచివరి మెట్టు మీద కూర్చున్నాను.
కారణం ఉండేది.
అప్పుడు చాలా పెద్దదిగానే ఉండేది.