ఏమీ లేని డబ్బా

మార్చి సగమైనా కెమిలో మంచు కరగలేదు.
ఏలిస్ వచ్చాడు,
పచారీ కొట్టు సంచిలో నల్లటి ప్లాస్టిక్ డబ్బాతో.
"ఇది మళ్ళీ బిగించెయ్ హిల్కా" అన్నాడు
నా మొహం కేసి చూడకుండా.

నాకు గుర్తే.
అక్టోబరులో ఇక్కడే, ఈ లిఫ్టు కిందే,
ముందు చక్రం వెనక తొడుగు ఊడదీసి
రెండు బోల్టులు విప్పి వాడే పీకాడు దాన్ని.
"దండగమారి డబ్బా. లోపలేముందో చూడు.
ఇంజన్ ఊపిరికి అడ్డం, అంతే."
చూశాను. నిజమే.
వల లేదు, తీగ లేదు, రెక్క లేదు.
ఒక మెడ, ఒక పొట్ట, పొట్టలో గాలి.
"ఆ కన్నమైనా మూసెయ్,
రోడ్డు మీది ఉప్పూ ఇసకా తాగుతుంది" అన్నాను.
అంతకు మించి చెబితే వినే వయసు కాదు. పంతొమ్మిది.
బండేమో తాతది. పాత టొయోటా,
ఆయన బతికున్నన్నాళ్ళూ పిల్లిలా తిరిగింది.

ఆ చలికాలమంతా వాడి రాకపోకలు ఊరికి తెలిశాయి.
రేవు రోడ్డు మలుపులో, మూడు వేల చుట్ల దగ్గర,
నిద్ర చెడిన ఎలుగుబంటిలా గుర్రుమనేది.
వేగం పెరిగిందని వాడు ప్రమాణం చేసేవాడు.
పెరిగింది చెవిలోనే.
మంచు గట్టిపడ్డ విమానాశ్రయం దారిలో
వాడి నేస్తం రాస్మస్ గడియారం పట్టి చూశాడట:
వందకి పన్నెండు సెకన్లు.
డబ్బా ఉన్నప్పుడూ పన్నెండే.
పైగా రెండో గేరులో కాస్త బద్ధకం.
ఆ గుర్రు వినడానికే తొక్కుతాడు కదా,
పెట్రోలు ఖర్చు మాత్రం నిజంగానే పరుగెత్తింది.

"పోలీసులు ఆపారా?"
కాదు.
"తనిఖీలో తప్పారా?"
కాదు.
చేతి తొడుగు విప్పాడు. మళ్ళీ తొడిగాడు.

చెల్లెలు వియెనా. ఏడేళ్ళు.
రోజూ బడి దగ్గర వాడే దించాలి.
వెనక సీట్లో కూర్చుని, కిటికీ ఆవిరి మీద వేలితో గీస్తూ
ఏదో కూనిరాగం తీసుకునేది, తనకోసమే.
"మానేసిందనుకున్నా. పెద్దదవుతోంది కదా అనుకున్నా.
నిన్న వంతెన మీద పెట్రోలు అయిపోయింది.
ఇంజన్ చచ్చింది.
అది పాట మధ్యలో ఉంది, హిల్కా."

కాగితం మిల్లులో ఇరవై ఆరేళ్ళు.
నా ఎడమ చెవి అక్కడే ఉండిపోయింది,
కుడిది సగం తెచ్చుకున్నాను.
డబ్బా తీసుకుని గుడ్డతో తుడిచాను.
మెడ అంచున పెదవి ఆనించి,
ఖాళీ సీసా మీద ఊదినట్టు ఊదాను.
నాకు వినపడలేదు. రెండు అరచేతులూ జుమ్మన్నాయి.
ఏలిస్ నోరు తెరిచాడు.
"అదే! అచ్చం ఆ గుర్రే!"

అదేరా.
అది దీని పొట్టలో ఉండాల్సిన స్వరం.
ఇంజన్ పాడినప్పుడల్లా ఇది ఎదురు పాడుతుంది.
చెల్లుకు చెల్లు.
ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు గానీ
ఇలా ఏమీ లేకుండా అణిగి ఉండటమే
పనిగా పెట్టుకున్నవీ ఉంటాయి.
పీకేదాకా వాటి పేరైనా ఎవడడుగుతాడు?

ఇంత మాటా నేను పైకి అనలేదు.
"బోల్టు ఒకటే ఉంది, రెండోదేదీ?" అన్నాను.
పారేశాడట.
బిస్కెట్ల రేకు డబ్బాలో వెతికాను,
తుప్పు పట్టినది ఒకటి దొరికింది, సరిపోయింది.

స్టార్ట్ చెయ్యమన్నాను.
బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.
నాకేమీ వినిపించలేదు.
ఈ ఒక్కసారికీ అందరికీ అంతే అయ్యుంటుంది.
వెనక అద్దం నిండా ఆవిరి,
అందులో వేలితో గీసిన చేపో, పడవో.
దాని వెనక చిన్న పెదవులు కదులుతున్నాయి.

ఏలిస్ రేడియో మీదికి చెయ్యి చాచి
వెనక్కి తీసుకున్నాడు.