అస్తరు

రువిలో మా కొట్టుకు ఒకటే కిటికీ.
దాన్ని కూడా ఏసీ మింగింది.
పద్దెనిమిదేండ్ల సంది అండ్ల దిష్దాషాలు కుడుతున్న.
మెడకింద కుచ్చు ఎవరికెంత పొడుగుండాలెనో
మనిషి గడప తొక్కంగనే చెప్పగల్గుత.
కన్నబిడ్డ తలకాయల ఏం పెరుగుతున్నదో
చెప్పలేకపోయిన.

పొద్దున లేవంగనే కక్కేది వర్ణిక.
బడి ఎగ్గొట్టే ఉపాయమనుకున్నం.
ఒకనాడు, "సూదిల దారం ఎక్కియ్యి బిడ్డా" అన్న.
"ఏ సూదిల నాయినా? రెండున్నయి."
నా చేతిల ఒక్కటే ఉన్నది.
నేను నవ్విన.
ఆ నవ్వు ఇంకా నా మీద బాకీనే ఉన్నది.

డాక్టర్ బుథైనా తెర మీద చూపిచ్చింది:
తెల్లటి ఉండ, దాని అంచుకు సన్నటి తోక.
మెనింజియోమా అన్నది.
పెద్దోళ్లకొచ్చేది, పిల్లలకు రావుడు బహు తక్కువ అన్నది.
నా మొకం చూసి ఆగింది.
తన అబాయా చెయ్యి మడత తిప్పి
లోపటి గుడ్డ చూపెట్టి, "బితానా" అన్నది.

వెయ్యిసార్లు విన్న మాట.
అస్తరు.
మెదడుకు కూడ అస్తరుంటదని
నాకెవ్వరు చెప్పిన్రు?

అప్పుడు అడుగుడు మొదలువెట్టిన.
పాడైన ముక్క కోసేస్తే, ఆ జాగల ఏమేస్తరు?
"తొడ మీంచి పొర తీసి వేస్తం."
అంటే బిడ్డ గుడ్డే బిడ్డకు.
"అవును."
కుట్టు ఎంత దగ్గర?
"నీళ్లు కారనంత దగ్గర."
ఆమె అప్పుడు నా వేళ్ల దిక్కు చూసింది,
నేను ఆమె వేళ్ల దిక్కు.

బీమా కాగితంల బిడ్డ పేరు లేదు.
కటింగు చేసే రఫీకుల్ మూడు నెలల జీతం
ఇస్త్రీ బల్ల మీద పెట్టి
"మా ఇంటి కప్పు ఇంకో వానకాలం ఆగుతది" అన్నడు.
లావణ్య పనిచేసే బడిల ఆయాలు
బిస్కట్ల డబ్బ నిండ రియాళ్లు పంపిన్రు,
కింద ఇంకా బిస్కట్ల పొడి ఉండె.

ఏడు గంటలు.
కుర్చీల కూసున్న నా కాలు
లేని మిషన్ని తొక్కుతనే ఉన్నది.
లావణ్య మోకాలు మీద చెయ్యి పెట్టి ఆపింది.
తీసేస్తే మళ్ల తొక్కింది.

బయటికొచ్చి డాక్టరమ్మ చెప్పింది:
పెద్ద సిర పక్కన గోరంత వదిలిపెట్టినం,
గుంజితే చినుగుతది.
నేనేమనలే.
కత్తెర ఎక్కడ ఆగాలెనో
నాకు తెల్వదా?

వారానికి ల్యాబు కాగితం వచ్చింది.
గడ్డల ఇసుక గింజలసొంటివి కనపడ్డయట.
నా గుండె జారింది.
ఎండకాలం గాలిదుమారం నాడు కిటికీ సందు
సరిగ మూసిన్నా? బొంతలు దులిపిన్నా?
సిగ్గిడిచి అడిగిన కూడ.
ఆమె నవ్వలే.
"ఈ ఇసుక బయటిది కాదు,
గడ్డలనే పుడుతది" అన్నది.
అయినా ఆ రాత్రి
ఇల్లంత మూడుసార్లు ఊడ్చిన.

వంశంల ఉన్నదేమోనని రక్తం పంపిన్రు.
జవాబు ఇంకా రాలే.
అవసరమైతే కరెంటు పెడతరట, ఇప్పుడైతే వద్దట.
ఆరునెలలకోసారి స్కాను.
తారీఖులు కొలతల పుస్తకంల రాసుకున్న,
ఎవలిదో భుజం యాభై ఒకటి, ఎవలిదో చెయ్యి అరవై,
వాటి నడుమ.

సగం గొరిగిన తలకు టోపీ అడిగింది.
కుమ్మానే కావాలె.
అది మొగోళ్లది బిడ్డా అంటే
"తలకాయ నాది" అన్నది.
కుట్టిన. మెత్తటి దిక్కు లోపటికి,
కుట్లన్ని పైకి,
మచ్చకు గీసుకోకుండ.
రఫీకుల్ చూసి, "ఉల్టా కుట్టినవ్ ఉస్తాద్" అన్నడు.

మొన్న శుక్రవారం సూది చాపిన.
మూడోసారికి ఎక్కిచ్చింది.
"నీ చెయ్యి కదిలింది నాయినా,
లేకుంటే మొదటిసారే ఎక్కు" అన్నది.