మూకుడు

కొత్తపేటలో స్కానింగు సెంటరు ఎదురుగా
పద్నాలుగేళ్ళ బట్టి నా బండి.
నిండా నీళ్ళు తాగి, కాళ్ళు బిగబట్టుకుని
పేరు పిలిచేదాకా కూర్చునే ఆడాళ్ళు
బయటికొచ్చాక ముందు బాత్రూము, తర్వాత నేను.
నాలుగు బజ్జీలు, కాస్త ఉల్లిపాయ.
కొందరు రిపోర్టు చదువుకుంటా తింటారు.
ఒకామె రిపోర్టులోనే పెట్టుకుని తినింది.

నూనె సంగతి నన్నడగండి.
పొద్దున పలచన, లేత ఎండ రంగు.
మూడింటికి నురగ ఆలస్యంగా చచ్చుద్ది.
ఏడింటికి చట్రం చివర జిగురు,
వాసన కొంగులో పడుకుని ఇంటిదాకా వచ్చుద్ది.
పారబోస్తే ఆ పూట లాభం పారబోసినట్టే.
కొత్తదాంట్లో నిన్నటిది కలిపి
మొన్నటిదాన్ని మర్చిపోతా.

నెలకి మూడు రోజులు
పొయ్యి సెగకే నడుం కాపుకుంటా
మందుల కొట్టు మాత్ర మింగుతా.
ఎవరో లోపల పిండి కాకుండా
నన్నే ముంచి వేస్తన్నట్టు.

ఈసారి నేనే నిండా నీళ్ళు తాగి
రోడ్డు దాటా.
గర్భసంచి లోపల ఉండాల్సిన పొర
బయట, ఉండకూడని చోట మొలిచిందంట.
నెలనెలా అదీ నెత్తురు కారుద్దంట,
పోయే దారి లేక అక్కడే.
డాక్టరమ్మ తలెత్తకుండా అడిగింది:
"ఏం నూనె వాడతావు సైదమ్మా?"
నవ్వొచ్చింది. నవ్వితే నొప్పొచ్చింది.

మరిగి మరిగిన నూనె లోపలి మంట పెంచుద్దేమోనంట,
చేప కొవ్వు, అవిసె గింజ
ఆ మంట కాస్త ఆర్పుద్దేమోనంట.
"తగ్గుద్దా అమ్మా?"
"ఖాయంగా చెప్పలేను. ఇంకా చూస్తన్నారు."
తెలియదని చెప్పిన మొదటి డాక్టరు.
నాకు నచ్చింది.

అవిసెలు వేయించి కారం కొట్టా,
మిరపకాయలకి గుంటూర్లో కరువా.
బాపట్ల రైల్లో దిగే ఎంకాయమ్మ దగ్గర
కవ్వళ్ళు కొని పులుసు పెట్టా. వేయించలా.
పెద్దమనిషైన ఏడు అమ్మ పెట్టిన
చిమ్మిలుండ గుర్తొచ్చింది, నువ్వుల నూనె వేళ్ళకంటా.
తొమ్మిది రోజులు పెట్టారు.
ఆ తర్వాత నా కడుపులోకి ఏం పోతందో
ఎవరూ అడగలా, నేను కూడా.

ఇయ్యాల బండి కాడ ఓ పిల్ల,
ఇరవై ఉండవు, ఫైలు పొట్టకానించుకుని
"పిన్నీ, నాలుగు" అంది.
మూకుట్లోకి చూశా. పిల్ల మొహంలోకి చూశా.
"కూర్చోమ్మా, పది నిమిషాలు"
అని నిన్నటిది డబ్బాలోకి వంచా.
నూటముప్పై రూపాయలు
నల్లగా, తాపీగా కారినాయి.

కొత్త ప్యాకెట్టు పంటితో చించా.
రేపేం చేస్తానో అడగమాకండి.